భీమవరం అబ్బాయి, మా పిన్ని పసుపు మాత్రలు

మా పిన్నిది నందిగామ, మాది జగ్గయ్యపేట. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కితే ముప్పావుగంటలో వాళ్లింట్లో ఉంటాను. అందుకే పిన్నికి ఒంట్లో బాగోకపోతే ముందు కబురు నాకే వస్తుంది.

ఆమెకి కీళ్లవాతం. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు, రుమటాయిడ్ అంటారే, అది. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఊరగాయ జాడీ మూత తీయలేదు, తడిచీర పిండలేదు. మన రోగనిరోధక కణాలే దారితప్పి మన కీళ్లని పరాయివాళ్లనుకుని కొరుక్కుతినే జబ్బు ఇది. విజయవాడలో డాక్టరుగారు రెండు రకాల మాత్రలు రాశారు. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే, బుధవారం వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్, బుధవారం తప్ప మిగతా రోజుల్లో. రెండూ పసుపుపచ్చటి బుల్లి మాత్రలే. మందుల షాపులో కుర్రాడు కవరు మీద గీతలు గీసి ఇచ్చేటప్పుడు అటుది ఇటు రాశాడు. పిన్ని కళ్లజోడు సంగతి సరేసరి. దాంతో వారానికి ఒకసారి వేసుకోవాల్సింది ఆరురోజులు వరసగా మింగేసింది.

నేను వెళ్లేసరికి నోరంతా పుండ్లు. మజ్జిగ కూడా దిగడంలేదు. కారు మాట్లాడుకుని విజయవాడ తీసుకెళ్తే, రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయని తేలింది. ఫోలిక్ యాసిడ్‌కి దగ్గరి చుట్టమైన ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు చేశారు. నాలుగైదు రోజులకి గండం గడిచింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ, ప్రాణం మీదికి తెచ్చిన మాత్రా, దాన్ని విరిచే మందుకి మూలమైన ఫోలిక్ యాసిడూ రెండూ ఒకే ప్రయోగశాల నించి వచ్చాయని, ఆ పరిశోధనని నడిపించినాయన మన తెలుగువాడేనని చెప్పింది. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

చిన్నప్పుడు స్కూల్లో విన్న పేరే. పరీక్షకి రెండు మార్కుల ప్రశ్న, అంతకంటే గుర్తులేదు. పిన్ని మంచం పక్కన కూచున్న ఆ రాత్రుల్లో మొదలుపెట్టి, తర్వాత ఇంటికొచ్చాక కూడా ఆయన గురించి దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ నాకు మందుల కంటే ముందు ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు.

మొదటావిడ తల్లి వెంకమ్మగారు. సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు అనారోగ్యంతో ఉద్యోగం చాలించుకున్న మనిషి. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు నిల్. ఈ పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లకి ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుని లక్షలు గడిద్దామని! నిడదవోలులో పట్టుకుని వెనక్కి తెచ్చారు. వెంకమ్మగారు గట్టి మనిషి. మెట్రిక్ తప్పినా వదల్లేదు, మళ్లీ తప్పినా వదల్లేదు. మద్రాసు పంపించి హిందూ హైస్కూల్లో మూడోసారి కట్టిస్తే గట్టెక్కాడు. ఆ చదువు కోసం ఆవిడ ఒంటిమీద బంగారం కూడా అమ్మిందంటారు. కొడుకు ఇంటర్ చదివాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానంటే, తల్లి అనుమతి లేనిదే కుదరదన్నారు మఠం వాళ్లు. ఆవిడ ససేమిరా అంది. ఆ కాదన్న మాట వల్లే ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడా సాఫీగా సాగలేదు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ దొరకి అది కంటగింపైంది. రాతపరీక్ష బాగా రాసినా చివరికి ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు. ఈ మధ్యలోనే ఇంట్లో మరో పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో పోయారు. పురుషోత్తమ్ అనే సోదరుణ్ణి తీసుకెళ్లింది స్ప్రూ జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం క్షీణించి మనిషి చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు చేస్తే ఆయుర్వేద వైద్యంతో ఆచంట లక్ష్మీపతిగారు బతికించారని చెబుతారు. తర్వాత కొన్నాళ్లు ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. స్ప్రూ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో ఆవిడ భార్య శేషగిరి. 1919లో పెళ్లి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారే ఆయన చదువుకి సాయం చేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా కొంత ఇస్తే, పైచదువుకని అమెరికా ఓడెక్కి 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. అప్పటికి శేషగిరి గర్భవతి. కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పసివాడి ముఖం చూడలేదు. మూడేళ్లలో తిరిగి వస్తానని వెళ్లిన మనిషి పాతికేళ్లు అక్కడే ఉండిపోయి, అక్కడే పోయారు. ఆవిడ మళ్లీ భర్తని చూడలేదు.

ఆయన మీద రాసినవాళ్లు చాలామంది ఈ సంగతిని త్యాగం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు మాత్రం ఆ మాట రుచించదు. త్యాగం చెయ్యమని ఆవిణ్ణి ఎవరడిగారు? ఆయన్ని గొప్పవాడనడానికి నాకేం అభ్యంతరం లేదు. దాంతోపాటు ఇది కూడా చెప్పుకోవాలి, అంతే.

బోస్టన్‌లో హార్వర్డ్ వారి ఉష్ణమండల వ్యాధుల స్కూల్లో సీటు ఉంది గానీ తిండికి గతి లేదు. మన ఎల్ఎంఎస్‌తో అక్కడ వైద్యం చెయ్యనివ్వరు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాఖలో చేరారు.

ఇక్కడ చేసిన పని మొదట చూడ్డానికి చాలా చిన్నది. రక్తంలో భాస్వరం ఎంతుందో తేల్చే పద్ధతి. మందు కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు ముదురుని బట్టి లెక్క. 1925లో అచ్చైన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల తరబడి ప్రపంచమంతా ల్యాబుల్లో వాడారు. అదే పరీక్ష కండరం రసంతో చేస్తే నీలిరంగు వెంటనే రాకుండా తీరిగ్గా, కొంచెం కొంచెంగా రావడం గమనించారు. ఇంకొకరైతే మందు పాడైందనుకుని పారబోసేవారు. వీళ్లు ఎందుకలా అని తవ్వారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనుక్కున్నాడు.

ఏటీపీ అంటే ఏమిటో మన భాషలో చెబుతాను. మనం తిన్న అన్నం, నూనె, పప్పు అన్నీ ఆస్తిపాస్తుల్లాంటివి. పొలం ఉన్నంత మాత్రాన కూరగాయల వాడికి పొలం కోసి ఇవ్వలేం కదా, చేతిలో చిల్లర కావాలి. కణానికి ఆ చిల్లరే ఏటీపీ. కండరం ముడుచుకోవాలన్నా, కణం రెండు కావాలన్నా అదే ఖర్చుపెట్టాలి. ఫాస్ఫోక్రియాటిన్ ఏమో మనం పోపులడబ్బాలో దాచుకునే డబ్బు. అవసరానికి చటుక్కున తీసి చిల్లర చేసుకోవడానికి. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండే ఏటీపీ పావుకిలోకి మించదు. కానీ ఖర్చవుతూ మళ్లీ తయారవుతూ రోజంతా తిరిగేది కలిపితే దాదాపు మనిషి బరువంత!

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. రెండేళ్లకి పరిశోధన విభాగానికంతటికీ డైరెక్టరయ్యారు.

అక్కడ పట్టుకున్నది ఫోలిక్ యాసిడ్‌ని. దీని వెనక మన దేశం ఆడవాళ్ల కథ ఒకటుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ బట్టలమిల్లుల్లో పనిచేసే గర్భిణీలు రక్తహీనతతో పాలిపోయి చచ్చిపోతున్నారు. ఈస్టు నించి తీసిన మార్మైట్ అనే చవక తిండిపదార్థం పెడితే తేరుకుంటున్నారని 1931లో రాసింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. అదే ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది. ఇవాళ ఏ ఊరి ఆసుపత్రికెళ్లినా కడుపుతో ఉన్న ఆడపిల్ల చేతిలో ఐరన్‌తో కలిపి పెట్టే మాత్రలో ఉండేది ఇదే. ఇందాక గుర్తుంచుకోమన్నానే స్ప్రూ, దానికీ ఇది పనిచేసింది. తమ్ముళ్లూ అన్నలూ పోయిన ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత!

సరిగ్గా ఈ సమయానికి బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ పిల్లల్ని చూస్తూ ఏమీ చెయ్యలేక ఉన్నాడు. అప్పట్లో ఆ జబ్బు వస్తే వారాలు, మహా అయితే నెలలు. లెడర్లీ వారి ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఎగదోసినట్టయింది. అంటే క్యాన్సర్ కణాలకి ఇది మంచి తిండి అన్నమాట. మరైతే ఆ తిండిని అడ్డుకుంటే? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పని చెయ్యని దొంగ రూపం కావాలి. తాళంలో దూరుతుంది గానీ తిరగదు, బయటికీ రాదు, అలాంటి తాళంచెవి. సుబ్బారావు బృందంలో డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు అలాంటిదాన్ని తయారుచేశారు. దాని పేరు అమినాప్టెరిన్. 1947 చివర ఫార్బర్ దాన్ని పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. బాగా ముదిరిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. లేచి తిరిగారు, ఆడుకున్నారు. కొద్దినెలలే, మళ్లీ తిరగబెట్టింది. అయినా మందుతో పిల్లల్లో ఈ బ్లడ్ క్యాన్సర్ వెనకడుగు వెయ్యడం అంతవరకు ఎవరూ ఎరుగరు.

దాని చెల్లెలే మెథోట్రెక్సేట్. సుబ్బారావు తర్వాత దాని కథ ఇంకా నడిచింది. 1951లో న్యూయార్కులో జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్‌లో ఇలాంటి మందులు పనిచేస్తాయని చూపింది. 1956లో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు, మాయలోంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ని ఆడవాళ్లలో ఈ మందుతో పూర్తిగా నయంచేశాడు. పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ఇది ఇవాళ్టికీ ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర, అదే బోదకాలు మందు, 1947లో ఆయన బృందం తెచ్చిందే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ని 1948లో డగ్గర్ అనే ముసలాయన లోకానికి ప్రకటించారు. రిటైరైన ఆయన్ని పిలిచి పనిచ్చింది సుబ్బారావే.

ఆ 1948 ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, నిద్రలో గుండె ఆగి పోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. 1995లో, నూరేళ్లు నిండిన ఏడు, మన తపాలాశాఖ ఒక బిళ్ల వేసింది.

ఇంతకీ మా పిన్ని కీళ్లకి క్యాన్సర్ మందెందుకిచ్చారు? నాకూ అదే సందేహం వచ్చింది. డాక్టరమ్మని అడిగితే ఓపిగ్గా చెప్పింది. చాలా తక్కువ మోతాదులో, వారానికోసారి ఇస్తే ఇది కణాల్ని చంపదు, దారితప్పిన రోగనిరోధక కణాల్ని చల్లబరుస్తుంది. కణాల బయట అడినోసిన్ అనే పదార్థం పెరిగేలా చేస్తుంది, అది ఆ కణాలకి జోలపాట లాంటిది. ఆ అడినోసిన్ ఎక్కడిదో తెలుసా? ఏటీపీ విరిగితే వచ్చేదే! ఆయన 1929లో కనుక్కున్నది, 1940ల్లో తయారుచేయించింది మా పిన్ని వేలి కణుపుల దగ్గర కలుసుకున్నాయన్నమాట. అదే మాత్ర రోజూ వేసుకుంటే మాత్రం జోలపాట కాదు, తిండి కట్టెయ్యడమే. ఎముక మూలుగలో కొత్త తెల్లకణాలు పుట్టడం ఆగిపోతుంది. పిన్నికి జరిగిందదే.

ఇప్పుడు క్యాన్సర్ వైద్యంలో అందరూ మాట్లాడుతున్న ఇమ్యునోథెరపీ కూడా ఈ తిండి గొడవ దగ్గరికే వచ్చి ఆగింది. మన ఒంట్లో టి కణాలని సైనికుల్లాంటివి ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు అవి పొదుపుగా, నిప్పు సన్నగా పెట్టి వండుకున్నట్టు ఏటీపీ చేసుకుంటాయి. శత్రువు కనపడగానే పద్ధతి మార్చి చక్కెరని గబగబా మండిస్తాయి, ఒకటి వేలు కావాలి కదా. క్యాన్సర్ గడ్డ దగ్గరికి వెళ్లేసరికి అక్కడ చక్కెర తక్కువ, మిగిలింది లాక్టిక్ యాసిడ్ పులుపు. గడ్డ కణాలే చక్కెర లాగేసుకోవడం వల్ల టి కణాలు నీరసపడుతున్నాయని 2015లో ఎలుకల మీద చూశారు. 2021లో ఇంకో బృందం, గడ్డలో చక్కెర ఎక్కువ తినేది క్యాన్సర్ కణాలు కాదు, అక్కడ చేరిన వేరే రోగనిరోధక కణాలని చూపించింది. అంటే లెక్క ఇంకా తేలలేదు. పైగా గడ్డ చుట్టూ అడినోసిన్ కూడా పోగవుతుంది. మా పిన్నికి మేలు చేసిన ఆ జోలపాటే అక్కడ సైనికుల్ని నిద్రపుచ్చుతుంది.

టి కణాల మీదున్న బ్రేకుల్ని కనుక్కున్నందుకు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. ఆ బ్రేకుల్లో ఒకటైన పీడీ-1 కణం చక్కెర వాడకాన్ని కూడా తగ్గిస్తుంది. రోగి టి కణాల్నే బయటికి తీసి, మార్చి, మళ్లీ ఎక్కించే కార్-టి చికిత్సకి మన దేశంలో తయారైన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ వాళ్ల కృషి అది. ఫార్బర్ చూసిన కుటుంబానికే చెందిన బ్లడ్ క్యాన్సర్లకి అది వాడతారు. ఎక్కించిన కణాలు ఎన్నాళ్లు ఓపికగా నిలబడతాయన్నది అవి ఏటీపీ ఎలా చేసుకుంటాయన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది. అందుకే శత్రువుని పస్తుపెట్టి మనవాళ్లకి అన్నం పెట్టడం ఎలాగని ల్యాబుల్లో తలలు బద్దలుకొట్టుకుంటున్నారు.

ఒక్క మాట. ఇది చదివి, ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్లకి చక్కెర, అన్నం మానిపించకండి. మన నోటితో మానితే గడ్డ ఒక్కటే మాడదు, మనిషి మొత్తం మాడుతుంది. మా వీధిలో ఒకావిడకి అలా చేసి బాగా నీరసం తెప్పించారు.

పిన్ని ఇంటికొచ్చాక రెండు డబ్బాలు కొన్నాను. ఎర్రమూతదాంట్లో మెథోట్రెక్సేట్, నాలుగు వారాలవి మాత్రమే. దానిమీద పెద్దక్షరాలతో బుధవారం అని రాసి అంటించాను. తెల్లమూతదాంట్లో ఫోలిక్ యాసిడ్. గోడ క్యాలెండర్లో బుధవారాలన్నిటికీ ఎర్రసున్నాలు చుట్టాను. సుబ్బారావుగారి కథంతా పిన్నికి చెప్పాను. ఏటీపీ సంగతి విని ఊ కొట్టింది. తర్వాత చాలాసేపు శేషగిరి గురించే అడిగింది, ఉత్తరాలైనా రాసేవాడా, పిల్లాడు పోయినప్పుడు దగ్గర ఎవరున్నారని. నాకు తెలిసినంతా చెప్పి, ఆరున్నర బస్సుకి బయల్దేరాను. మర్నాడు బుధవారం. తొమ్మిదింటికి ఫోన్ చేసి, ఏ మూత డబ్బా తీశావు పిన్నీ అని అడిగాను.